పాత బండి కొంటున్నారా? చూసి కొనండి, చదివి కొనండి



భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే రోడ్డు మనకు తెలుసు. సంత రోజున ఆ రోడ్డు మీద జీపులు, ఆటోలు, పాత కార్లు నిండుగా పోతుంటాయి. మిరపకాయ బస్తాలు, చింతపండు, ఇప్పపువ్వు గంపలు, పిల్లలు, పెద్దలు, అందరూ వాటిలోనే. బస్సు రాని గూడేలకు ఆ బండ్లే దిక్కు.

కొత్త బండి కొనాలంటే చాలా డబ్బు కావాలి. అందుకని చాలా ఇళ్లలో పాత బండి కొందామనుకుంటారు. "సంఘంలో అప్పు తీసుకో. కారు కొందాం. కిరాయికి తిప్పుదాం" అని ఇంట్లో మగవాళ్లు అంటారు.

బండి నడిపేది భర్తో, కొడుకో. కాని అప్పు ఎవరి పేరు మీద ఉంటుంది? మన పేరు మీద. నెలనెలా కిస్తీ ఎవరు కట్టాలి? మనం కట్టాలి. బండి మూలన పడితే కిస్తీ ఆగదు. కట్టలేకపోతే సంఘంలో మిగతా ఆడవాళ్ల ముందు తల వంచుకోవలసింది మనమే.

కాబట్టి బండి చూడటానికి మనం కూడా పోవాలి. "ఆడవాళ్లకు బండ్ల సంగతి ఏం తెలుసు?" అని ఎవరైనా అనవచ్చు. కళ్లుంటే చాలా సంగతులు తెలుస్తాయి. నాలుగు అక్షరాలు, పది అంకెలు వస్తే ఇంకా తెలుస్తాయి. అవి మనకు ఇప్పుడు వచ్చు. ఎట్లా చూడాలో తెలుసుకుందాం.

ముందు ఒక ప్రశ్న

బండి కొనే ముందు ఇది ఆలోచించండి. ఆ బండి ఏ దారిలో తిరుగుతుంది? ఎవరు ఎక్కుతారు?

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లె బస్సుల్లో, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. బస్సు బాగా తిరిగే దారిలో మన కారు ఎవరు ఎక్కుతారు? బస్సు పోని దారి, సరుకు మోసే పని, పెళ్లిళ్లు, రాములవారి దర్శనానికి వచ్చే యాత్రికులు, ఇట్లాంటి కిరాయి ఉంటేనే బండి తిండి పెడుతుంది. ఈ లెక్క తేలాకనే బండి చూడటానికి పోవాలి.

కాగితాలు చదవండి

బండిని ముట్టుకునే ముందు కాగితాలు అడగండి. కాగితాలు సరిగ్గా లేకపోతే బండి ఎంత బాగున్నా వద్దు.

మొదటిది ఆర్.సి. ఒకప్పుడు ఇది పుస్తకంలా ఉండేది. అందుకే ఇప్పటికీ ఆర్.సి. బుక్కు అంటాం. ఇప్పుడు చిన్న కార్డు వస్తున్నది. ఇందులో యజమాని పేరు, బండి నంబరు, ఇంజను నంబరు, చాసిస్ నంబరు, బండి రిజిస్ట్రేషన్ అయిన తేదీ ఉంటాయి.

అమ్మే మనిషి పేరు, ఆర్.సి.లో ఉన్న పేరు ఒకటేనా? చూడండి. వేరుగా ఉంటే, ఆ పేరున్న మనిషి వచ్చి సంతకం పెట్టాలి. "ఆయన ఊళ్లో లేడు, తర్వాత పెట్టిస్తా" అంటే పైసా ఇవ్వకండి.

రెండోది చాసిస్ నంబరు. చాసిస్ అంటే బండికి వెన్నెముకలాంటి ఇనుప చట్రం. దాని మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది. జీపులాంటి బండ్లకు చక్రం దగ్గర చట్రం మీద ఉంటుంది. కార్లకు బానెట్టు కిందో, ముందు సీటు దగ్గరో ఉంటుంది. ఇందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి.

ఇంగ్లీషు అక్షరాలు మనకు రాకపోవచ్చు. ఫర్వాలేదు. రెండు ముగ్గులు ఒకటేనా కాదా అని చూస్తామా లేదా? అట్లాగే ఆర్.సి. మీది నంబరును, బండి మీది నంబరును పక్కపక్కన పెట్టి ఒక్కొక్కటే పోల్చండి. ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి. ఇప్పటి బండ్ల చాసిస్ నంబరులో "ఓ" అనే ఇంగ్లీషు అక్షరం వాడరు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నా.

నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో మెల్లగా రుద్దండి. పిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టే. నంబరు కాగితం మీదకు వస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా, నంబరు గీకినట్టున్నా, అక్కడ కొత్తగా వెల్డింగు చేసినట్టున్నా ఆ బండి వద్దు. దొంగ బండి కావచ్చు. దొంగ బండిని పోలీసులు పట్టుకుంటే బండీ పోతుంది, డబ్బూ పోతుంది.

మూడోది అప్పు. బండి మీద అప్పు ఉంటే ఆర్.సి.లో బ్యాంకు పేరో, ఫైనాన్సు కంపెనీ పేరో రాసి ఉంటుంది. అంటే బండి తాకట్టులో ఉన్నట్టే. అప్పు తీరిందని ఆ బ్యాంకు ఇచ్చిన కాగితం, 35వ నంబరు ఫారం, రెండూ ఉండాలి. నోటిమాట చాలదు.

నాలుగోది ఇన్సూరెన్సు. మన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే ఇన్సూరెన్సు ప్రతి బండికీ ఉండి తీరాలి. ఇది చట్టం. గడువు తేదీ చదవండి.

ఐదోది ఫిట్‌నెస్ కాగితం. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని రవాణా శాఖ ఇచ్చే కాగితం ఇది. కిరాయి బండికి 8 ఏళ్ల లోపయితే రెండేళ్లకు ఒకసారి, 8 ఏళ్లు దాటితే ఏడాదికి ఒకసారి ఇది తీసుకోవాలి. సొంతానికి వాడే కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత బండిని చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

పొగ కాగితం, పన్ను కట్టిన రసీదు, పోలీసు చలాన్ల బాకీ కూడా చూడండి. అనుమానం ఉంటే బండి నంబరు రాసుకొని ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో రవాణా శాఖ ఆఫీసులో అడగండి.

నంబరు పలక రంగు చూడండి

తెల్ల పలక మీద నల్ల అక్షరాలుంటే అది సొంతానికి వాడుకునే బండి. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయి బండి. తెల్ల పలక కారు కొని కిరాయికి తిప్పకూడదు. ప్రమాదం జరిగితే "సొంత బండి అని కదా ఇన్సూరెన్సు కట్టారు, కిరాయికి ఎట్లా తిప్పారు?" అని కంపెనీ డబ్బు ఆపవచ్చు. ఆ పరిహారం మన ఇంటి మీద పడుతుంది.

పలక మీద రాష్ట్రం పేరు కూడా చదవండి. మనది సరిహద్దు ప్రాంతం. 2014లో పాత ఖమ్మం జిల్లా నుంచి చింతూరు, కూనవరం, వర రామచంద్రాపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక కూడా ఆంధ్రప్రదేశే. చింతూరు దాటి కుంట పోతే ఛత్తీస్‌గఢ్. ఇంకో వైపు ఒడిశా. మనకు అది పక్క ఊరు. రవాణా శాఖకు మాత్రం అది వేరే రాష్ట్రం.

ఖమ్మం బండ్లకు ఒకప్పుడు ఏపీ 20 అని ఉండేది. 2014 తర్వాత ఖమ్మానికి టీఎస్ 04 వచ్చింది. 2016లో కొత్తగూడెం జిల్లా ఏర్పడ్డాక అక్కడ టీఎస్ 28 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ అని వస్తున్నది. సీజీ అంటే ఛత్తీస్‌గఢ్. ఓడీ అంటే ఒడిశా.

వేరే రాష్ట్రం బండి కొంటే అక్కడి ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం తేవాలి. దాన్ని ఎన్వోసీ అంటారు. ఇక్కడ మళ్లీ పన్ను కట్టాల్సి రావచ్చు. ఇదంతా లెక్కలో వేసుకుంటే తక్కువ ధర బండి ఎక్కువ ధర బండి అయిపోవచ్చు.

దూరం నుంచి కూడా బండ్లు వస్తాయి. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిలు బండ్ల మీద 2015లో ఆంక్షలు వచ్చాయి. అందుకని అక్కడ పాత డీజిలు కార్ల ధర పడిపోయింది. అట్లాంటివి కొని దక్షిణాదికి తెచ్చి అమ్మేవాళ్లున్నారు. "ఢిల్లీ బండి, చవక" అంటే ఎందుకు చవకో ఇప్పుడు మీకు తెలుసు.

మీటరు నిజం చెబుతుందా?

స్టీరింగు ముందు మీటరు ఉంటుంది. బండి ఇప్పటి దాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో కనిపిస్తుంది. అమ్మేవాళ్లు ముందు దాన్నే చూపిస్తారు. "చూడమ్మా, 60 వేలే తిరిగింది" అంటారు.

ఆ అంకెను వెనక్కి తిప్పవచ్చు. పాత ముల్లు మీటర్లనూ తిప్పవచ్చు. ఇప్పటి అంకెల మీటర్లనూ మార్చవచ్చు. కాబట్టి మనం ఒక లెక్క వేద్దాం.

భద్రాచలం నుంచి కొత్తగూడెం సుమారు 40 కిలోమీటర్లు. ఒక కిరాయి కారు రోజుకు ఒకసారి పోయి వచ్చిందనుకోండి.

రోజుకు 40 + 40 = 80 కిలోమీటర్లు.
నెలకు 25 రోజులు తిరిగితే 80 × 25 = 2,000.
ఏడాదికి 2,000 × 12 = 24,000.
పదేళ్లకు 2,40,000.

పదేళ్లు కిరాయికి తిరిగిన కారు మీటరులో 60 వేలు చూపిస్తే నమ్ముదామా?

ఆర్.సి.లో తేదీ చూడండి. బండి వయసు తెలుస్తుంది. అది ఏ పని చేసిందో అడగండి. ఈ లెక్క వేయండి. తర్వాత బండిలో అరుగుదల చూడండి. మీటరును తిప్పినంత సులువుగా అరుగుదలను దాచలేరు.

కాలితో తొక్కే క్లచ్చి, బ్రేకు మీది రబ్బరు నున్నగా అరిగిందా? స్టీరింగు చేతులు పట్టే చోట నునుపెక్కి మెరుస్తున్నదా? డ్రైవరు సీటు ఒక పక్కకు కుంగిందా? గేరు కర్ర మీది అంకెలు చెరిగిపోయాయా? డ్రైవరు తలుపు ఎత్తి పట్టుకుంటే ఊగుతున్నదా? ఇవన్నీ ఉంటే ఆ బండి లక్షల కిలోమీటర్లు తిరిగినట్టే. రబ్బర్లు మాత్రం కొత్తగా ఉండి సీటు చిరిగి ఉంటే, రబ్బర్లు ఎందుకు మార్చారో అడగండి.

సర్వీసు చేయించిన బిల్లులు అడగండి. ప్రతి బిల్లు మీద తేదీ, అప్పటి కిలోమీటర్లు రాసి ఉంటాయి. 2021 బిల్లులో 1,10,000 అని ఉండి, ఇవాళ మీటరులో 90,000 ఉంటే దొంగతనం దొరికిపోయినట్టే.

ఎక్కువ తిరిగిన ప్రతి బండీ చెడ్డది కాదు. 2 లక్షలు తిరిగినా, వేళకు ఆయిలు మార్చి, బిల్లులు దాచిన బండి నయం. 80 వేలే తిరిగినా, ఏనాడూ ఆయిలు మార్చని బండి బరువు. ఎంత తిరిగింది అని అడగటం ఒక్కటే చాలదు. ఎట్లా చూసుకున్నారు అని కూడా అడగాలి.

పొద్దున్నే పోండి

బండి చూడటానికి పొద్దున పోవాలి. ఎండ బాగుండాలి. వానలో, చీకట్లో చూడవద్దు. తడి బండి మీద గీతలు, సొట్టలు కనపడవు.

పొద్దున ఎందుకు? రాత్రంతా ఆగిన ఇంజను చల్లగా ఉంటుంది. రోగమున్న ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొరాయిస్తుంది. వేడెక్కాక బాగానే స్టార్టవుతుంది. అందుకే కొందరు మనం పోయేసరికి ఇంజను నడిపి వేడి చేసి పెడతారు. పోగానే బానెట్టు మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇట్లా అడగండి:

"అన్నా, పొద్దున్నే ఎటు పోయొచ్చినవ్? బండి వేడిగుంది."

"అమ్మా, మీకు చూపిద్దామని స్టార్టు చేసి పెట్టిన."

"అయితే రేపు మళ్లొస్తం. చల్లగున్నప్పుడు మేమే స్టార్టు చేసి చూస్తం."

"నమ్మకం లేదా అమ్మా?"

"నమ్మకం ఉందన్నా. చూసుకుంటే ఇంకా పెరుగుద్ది."

తెలిసిన మెకానిక్కును వెంట తీసుకుపోండి. అతని కూలి అతనికి ఇవ్వండి. అమ్మే మనిషి చూపించిన మెకానిక్కు వద్దు. బేరగాడి దగ్గర కమీషను తీసుకునేవాడు మన మెకానిక్కు కాడు.

బానెట్టు ఎత్తి చూడండి

ఇంజనాయిలు కొలిచే పుల్ల ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి లాగి బట్టతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండాలి. అడుగున ఉంటే బండిని పట్టించుకోలేదని అర్థం.

ఆయిలు పోసే మూత తిప్పి లోపల చూడండి. పాలు కలిపిన కాఫీ లాగా తెల్లటి జిగురు బాగా పేరుకుని ఉంటే, ఆయిలులో నీళ్లు కలుస్తున్నాయేమో అని అనుమానించాలి. మెకానిక్కుకు చూపించండి. అది చిన్న రిపేరు కాదు. ఇంజను విప్పాలి.

రేడియేటరు మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. జాగ్రత్త! లోపలి నీళ్ల మీద నూనె తెట్టు తేలుతుంటే ఆ బండిని వదిలేయండి.

ఇంజను మరీ కొత్తగా మెరుస్తుంటే మురిసిపోకండి. ఆయిలు కారే చోటు కనపడకుండా కడిగి ఉండవచ్చు. బండి కింద ఒక అట్టముక్క పరచండి. అరగంట ఇంజను నడిపించండి. అట్ట మీద నల్ల చుక్కలు పడితే ఆయిలు కారుతున్నట్టు. ఏసీ వేసినప్పుడు వట్టి నీళ్లు కారితే భయం లేదు.

పొగ రంగు చూడండి

ఒకరు స్టార్టు చేయండి. ఇంకొకరు వెనక సైలెన్సరు దగ్గర, కాస్త పక్కకు నిలబడి చూడండి. పొయ్యి పొగను బట్టి కట్టె పచ్చిదో ఎండుదో మనం చెప్పగలం. బండి పొగ కూడా అట్లాగే చెబుతుంది.

నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలిపోతున్నది. ఇంజను లోపల అరిగింది.

నల్ల పొగ దట్టంగా వస్తే డీజిలు సరిగ్గా కాలటం లేదు. గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. అదయితే చిన్న ఖర్చు. పంపు, నాజిళ్లు పోయి ఉంటే పెద్ద ఖర్చు.

తెల్ల పొగ చలి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతే మామూలే. ఇంజను వేడెక్కాక కూడా దట్టంగా వస్తుంటే నీళ్లు ఇంజను లోపలికి పోతున్నాయేమో చూపించాలి.

దెబ్బ తిన్న బండి

బండి పక్కన కూర్చుని, కంటిని తలుపుల ఎత్తులో పెట్టి పొడవునా చూడండి. అద్దంలా ఒకే తీరుగా ఉందా? ఎక్కడైనా అలలుగా ఉందా? ఒక తలుపు రంగు ముదురుగా, ఇంకోటి లేతగా ఉందా? తలుపుకూ తలుపుకూ మధ్య సందు ఒక చోట వేలు పట్టేట్టు, ఇంకో చోట గోరు పట్టనట్టు ఉందా? ఇట్లా ఉంటే బండికి దెబ్బ తగిలింది. తర్వాత డెంటింగు, పెయింటింగు చేశారు.

ఒక చిన్న అయస్కాంతానికి మెత్తటి బట్ట చుట్టి రేకు మీద పెట్టి చూడండి. రేకుకు అతుక్కుంటుంది. లోపల మందంగా పుట్టీ పెట్టిన చోట అతుక్కోదు. ప్లాస్టిక్కు భాగాలకు మాత్రం ఎట్లాగూ అతుక్కోదు.

చిన్న సొట్టలకు భయపడవద్దు. చట్రం వంగిందా లేదా అన్నదే ముఖ్యం. వంగిన బండి తిన్నగా పోదు. టైర్లను తింటుంది. మెకానిక్కు చేత బండి కింద చూపించండి.

వరదలో మునిగిన బండి

ఇది మన ప్రాంతంలో మరీ జాగ్రత్తగా చూడాలి.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. ఇట్లాంటి వరదల్లో ఇళ్లతో పాటు బండ్లు కూడా మునుగుతాయి. మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, కొత్త సీటు కవర్లు వేసి అమ్మేవాళ్లుంటారు.

మునిగిన బండి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత లోపలి వైర్లు తుప్పు పడతాయి. లైట్లు ఆగుతాయి. ఉన్నట్టుండి ఇంజను ఆగుతుంది. అడవి దారిలో రాత్రిపూట ఆగితే ఎట్లా?

ఇట్లా కనిపెట్టండి:

సీటు బెల్టును చివరి దాకా లాగండి. మన వరద గోడల మీద మిగిలినట్టే బెల్టు మీద కూడా బురద గీత మిగులుతుంది.

స్టెప్నీ టైరు తీసి ఆ గుంటలో చూడండి. సన్నటి ఒండ్రు ఉందా?

సీటు కింది ఇనుప పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా?

ముందు లైట్ల అద్దం లోపల నీటి మరక ఉందా?

అద్దాలన్నీ మూసి లోపల కాసేపు కూర్చోండి. తడి బట్ట మాగిన వాసన వస్తున్నదా? అత్తరు వాసన గుప్పున కొడితే ఏ వాసన దాస్తున్నారో అనుమానించండి.

టైర్లు చదవండి

టైరు మీద కూడా రాత ఉంటుంది. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 3521 అని ఉంటే, 2021వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. ముందు రెండంకెలు వారం. వెనక రెండంకెలు సంవత్సరం. గాట్లు ఎంత బాగున్నా ఆరేడేళ్లు దాటిన టైరు రబ్బరు బిరుసెక్కి ఉంటుంది. పగుళ్లు వస్తాయి. పేలవచ్చు.

టైరు ఒక పక్కనే అరిగిందా చూడండి. అట్లా అరిగితే చక్రాల అమరికో, చట్రమో వంకర ఉన్నట్టు.

నడిపి చూడండి

ఊరికే అమ్మే మనిషి ఇంటి ముందు తిప్పితే చాలదు. కనీసం పది, పదిహేను కిలోమీటర్లు పోవాలి. మంచి రోడ్డు, గుంతల రోడ్డు, ఎత్తు, పల్లం అన్నీ ఉండాలి. బండి నిండా మనుషులు కూర్చోవాలి. రేపు కిరాయికి అట్లాగే కదా పోతుంది!

తాళం తిప్పగానే మీటరు దగ్గర ఎర్రవి, పసుపువి చిన్న లైట్లు వెలగాలి. ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే రోగం ఉంది. అసలు వెలగకపోతే రోగం కనపడకుండా ఆ లైటు తీసేసి ఉండవచ్చు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గట్టిగా అరుస్తున్నా బండి ముందుకు సాగకపోతే క్లచ్చి అరిగింది. చింతూరు నుంచి మారేడుమిల్లి పోయే ఘాటు రోడ్డులో అట్లాంటి బండి నిలబడదు.

ఎదురు బండి లేని చోట మెల్లగా పోతూ బ్రేకు వేయించండి. తిన్నగా ఆగాలి. ఒక పక్కకు లాగితే రిపేరు ఉంది. బ్రేకు కాలి కింద మెత్తగా దిగిపోతే ప్రమాదం. పల్లంలో ఆపి చేతి బ్రేకు వేసి చూడండి.

గుంతల్లో టకటకమని చప్పుడు వస్తే కింది బుష్షులు, కట్టలు అరిగాయి. స్టీరింగు కొంచెం తిప్పితే చక్రం వెంటనే తిరగాలి.

తిరిగి వచ్చాక ఇంజను ఆపి మళ్లీ స్టార్టు చేయండి. వేడి మీద కూడా స్టార్టు కావాలి. బానెట్టు ఎత్తి ఆయిలు, నీళ్లు మళ్లీ చూడండి.

పెద్దింటి కారు చవకగా వస్తే?

ఒక్కోసారి హైదరాబాదు నుంచి బెంజి, ఆడి, బి.ఎం.డబ్ల్యు లాంటి పెద్ద కార్లు అమ్మకానికి వస్తాయి. కొత్తప్పుడు అరకోటి పెట్టి కొన్న కారు, లక్షన్నర కిలోమీటర్లు తిరిగాక కొత్త చిన్న కారు ధరకే వస్తుంది. రివ్వున పోతుంది. లోపల మెత్తటి తోలు సీట్లు. పిల్లలకు ఆశ పుడుతుంది. "పెళ్లిళ్ల కిరాయికి బాగుంటదమ్మా" అంటారు.

అది ఎందుకు అంత చవకైంది? ధర తగ్గింది కాని ఖర్చు తగ్గలేదు. అరకోటి కారు పాతబడినా, దాని సామాను ధర అరకోటి కారు సామాను ధరే. వేగంగా పోయే కారుకు పెద్ద బ్రేకులు, వెడల్పు టైర్లు, ఖరీదైన ఆయిలు కావాలి. ఇంజనుకు బలం ఇచ్చే టర్బో అనే యంత్రం ఉంటుంది. అది పాడైతే ఖర్చు వేలల్లో ఆగదు. గేర్లు వాటంతటవే పడే కార్లలో గేరు పెట్టె చెడితే ఇంకా ఎక్కువ. కొన్ని కార్లు స్ప్రింగుల బదులు గాలి తిత్తుల మీద నిలబడతాయి. రాత్రి ఆపిన కారు పొద్దుటికి ఒక మూలకు కుంగితే ఆ తిత్తి కారుతున్నట్టు.

ఇట్లాంటి కార్లలో చిన్న కంప్యూటర్లు ఉంటాయి. దానికి ఒక పరికరం తగిలిస్తే రోగాలు చెబుతుంది. ఆ పరికరం పెట్టి చూపించకుండా కొనకూడదు. కొన్ని ఇంజన్లకు టైమింగు బెల్టు ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారు పుస్తకంలో రాసి ఉంటుంది. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. అది తెగితే ఇంజనే పోవచ్చు.

మన దారులు కూడా చూసుకోవాలి. ఆ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి. గూడెం దారిలో రాయి తగిలి ఆయిలు పెట్టె పగిలితే కారును లారీ మీద ఎక్కించి నగరానికి పంపాలి. జీపు, బొలేరో లాంటివయితే మన దగ్గరి మెకానిక్కు చేతిలో పని. అందరికీ తెలిసిన బండి, సామాను దొరికే బండి మనకు నయం.

అసలు ధర ఎంత?

అమ్మే మనిషి చెప్పింది బండి ధర. మనకు పడేది వేరు. లెక్క నేర్చుకోవడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. మీ బండికి మీ అంకెలు రాసుకోండి.

బండి ధర 3,00,000
నాలుగు టైర్లు 24,000
క్లచ్చి పని 15,000
బ్యాటరీ 6,000
ఇన్సూరెన్సు 20,000
పేరు మార్పు, ఇతర ఫీజులు 5,000
మొత్తం 3,70,000

అంటే బండి 3 లక్షలది కాదు. 3 లక్షల 70 వేలది. ఈ కాగితాన్ని అమ్మే మనిషి ముందు పెట్టి బేరం ఆడండి. "టైర్లు మార్చాలి, క్లచ్చి మార్చాలి, ఇదిగో లెక్క" అంటే ధర తగ్గుతుంది. అప్పు మొత్తం బండికే పెట్టవద్దు. రిపేర్లకు కొంత చేతిలో ఉంచుకోండి.

"ఇవాళే బయానా ఇవ్వండి, రేపు ఇంకొకరు కొంటారు" అని తొందర పెడితే ఆగండి. పోతే పోనివ్వండి. బండ్లు చాలా ఉన్నాయి.

పేరు మారేదాకా పని అయిపోలేదు

డబ్బు ఇచ్చి బండి తెచ్చుకుంటే చాలదు. ఆర్.సి.లో పేరు మారాలి. దీనికి 29, 30 నంబరు ఫారాలు ఉంటాయి. అమ్మినవారు, కొన్నవారు సంతకాలు పెట్టాలి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి, పెట్టించుకోకండి. డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. చేతికి ఇస్తే రసీదు రాయించుకోండి. తేదీ, మొత్తం, బండి నంబరు మీరే చదివి చూసుకోండి. బండి చేతికి వచ్చిన 14 రోజుల లోపు ఇన్సూరెన్సు కూడా మన పేరు మీదికి మార్చమని కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి.

మనం బండి అమ్మినప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. పేరు మార్చకుండా బండి చేతులు మారి, తర్వాత ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? రిజిస్ట్రేషన్లో ఎవరి పేరుంటే వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో మాట. అప్పు మన పేరు మీద ఉన్నప్పుడు బండి ఎవరి పేరు మీద ఉండాలి? ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మన పేరు మీద రాయించుకోవడానికి మొహమాటపడవద్దు.

గుర్తుంచుకోండి

1. ముందు కాగితాలు, తర్వాత బండి.
2. చాసిస్ నంబరు పెన్సిలుతో రుద్ది పోల్చాలి.
3. మీటరును నమ్మే ముందు లెక్క వేయాలి. అరుగుదల చూడాలి.
4. పొద్దున, చల్లటి ఇంజను చూడాలి.
5. వరదలో మునిగిందేమో చూడాలి.
6. మన మెకానిక్కును మనమే తీసుకుపోవాలి.
7. రిపేర్ల ఖర్చు కలిపితేనే అసలు ధర.
8. పేరు మారేదాకా వెంటపడాలి.

మాట్లాడుకోండి

మీ సంఘంలో ఎవరైనా పాత బండి కొన్నారా? ఇక్కడ చెప్పిన వాటిలో ఏవి చూశారు, ఏవి చూడలేదు?

మీ ఊరి నుంచి సంతకు ఎన్ని కిలోమీటర్లు? రోజుకు రెండుసార్లు పోయి వచ్చే బండి ఏడాదికి ఎంత తిరుగుతుంది? లెక్క వేయండి.

చేసి చూడండి

మీ ఊళ్లో నిలిపి ఉన్న ఒక బండి దగ్గరికి పోండి. యజమానిని అడిగి టైరు మీది నాలుగు అంకెలు చదవండి. అది ఏ సంవత్సరం టైరు? మీ నోటు పుస్తకంలో రాయండి.